ఐసు మాస్టారి శ్రుతి

మా అమ్మాయికి వయొలిన్ నేర్పే మాస్టారిని వెతకడానికి నాకు అరగంట పట్టింది. అదీ సోఫాలోంచి లేవకుండా, కాఫీ చల్లారేలోగా. నాకు నేర్పేవాళ్ళని వెతకడానికి మా నాన్నకి ఒక వానాకాలమంతా పట్టింది.

ఈ కొత్త మాస్టారు పాఠం ఫోన్లోనే చెబుతారట. మొదటి రోజుకి తీగలు శ్రుతి చేసుకుని సిద్ధంగా ఉండమన్నారు. సరేలే అని అటక మీంచి నా పాత ఫిడేలు పెట్టె దింపి మూత తీశాను. మా అమ్మాయి చటుక్కున ముక్కు మూసుకుంది.

"అమ్మా, చేపల వాసనొస్తోంది!"

"వస్తుంది. ఎందుకు రాదూ," అన్నాను.

కొత్త తీగలు వేసి, కళ్ళు మూసుకుని, లోపల ఒకసారి 'సా' అనుకుని, బిరడాలు తిప్పి కట్టాను. మా అమ్మాయి ఫోన్లో శ్రుతి చూసే యాప్ ఏదో తెరిచి పక్కన పెట్టింది. కమాను లాగేసరికి తెర మీద ముల్లు ఎర్రబడి, ఒకటి శ్రుతికీ ఒకటిన్నర శ్రుతికీ నడుమ నిలబడిపోయింది.

"తప్పమ్మా. ఇటూ కాదు, అటూ కాదు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "పోవే, నీ ఫోనుకేం తెలుసు!" అనేశాను. అన్నాక నాకే నవ్వొచ్చింది. సరిగ్గా దాని వయసులో ఇదే మాట నేనొక హార్మోనియం గురించి అన్నాను. దానికి చాలా పెద్ద గొడవే అయింది.

మా ఇంట్లో ముందు ఫిడేలు వచ్చింది, తర్వాత సంగీతం వచ్చింది. గాజువాకలో మేం అద్దెకి దిగిన ఇంటి అటక మీద, పగిలిన ఊరగాయ జాడీల వెనకాల, ఎవరో పాత అద్దెవాళ్ళు వదిలేసిన నల్ల పెట్టె ఒకటి దొరికింది. ఇంటాయన వాళ్ళకి ఉత్తరం రాస్తే "మాకక్కర్లేదు, ఎవరైనా వాయించుకోండి" అని జవాబొచ్చింది. పోర్టులో గుమాస్తా అయిన మా నాన్న ఆ రాత్రి దాన్ని ఒళ్ళో పెట్టుకుని పాత బనీనుతో తుడుస్తూనే ఉన్నాడు. పొద్దున్న లేచి, "దీన్ని నువ్వు నేర్చుకుంటావే," అన్నాడు నాతో. అడగలేదు, చెప్పాడు.

మా మామ్మ, అంటే నాన్నని కన్నతల్లి, అప్పుడు వంటింటి గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. "నాడా దొరికిందని గుర్రం కొన్నాడంట ఎనకటికొకడు," అంది తల ఎత్తకుండానే.

ఆ వానాకాలమంతా ఆదివారం ఆదివారం పెట్టె చంకలో పెట్టుకుని నాన్న, గొడుగు పట్టుకుని నేను, బస్సులెక్కి తిరిగాం. ఒకావిడ ముందు రెండేళ్ళు గాత్రం నేర్చుకుని రమ్మంది. ఒకాయన నా ఎడమ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, చిటికెన వేలు పొట్టిదని తేల్చేశాడు. ఇంటికొచ్చి తలుపు సందులో వేలు పెట్టి లాగి చూసుకున్నాను, పొడుగవుతుందేమోనని. వాచింది గానీ పొడుగవలేదు.

చివరికి నాన్నతో పోర్టులో పనిచేసే స్నేహితుడొకాయన కబురు తెచ్చాడు. "బావా, ఫిషింగ్ హార్బర్లో ఐసు ఫ్యాక్టరీ ఉంది సూడు, దాన్లో మిషను నడిపే ఒకాయన ఫిడేలు బెమ్మాండంగా వాయిత్తాడంట. విజీనారం కాడ పెద్దోల్ల దగ్గర నేర్సుకున్నాడంట. పెళ్ళాం పిల్లల్ని పోసించాల కదా, ఇక్కడ మిషను కాడ సేరిపోనాడు."

మా మామ్మ చింతపండు వదిలేసింది. "ఓలమ్మో! సంగీతానికి సేపల రేవుకెల్తారేట్రా ఎవులైనా? ఇంటే నవ్వుతారు!"

అయినా వెళ్ళాం. ఆ దారి వాసనలు నాకు ఇప్పటికీ వరసలో గుర్తున్నాయి. బస్సు దిగగానే డీజిలు, తర్వాత ఎండుచేపలు, తర్వాత తడి వలలు, ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర ముక్కు పుటాలు చీరేసే అమ్మోనియా. లోపలికెళితే తడి ఊక వాసన. ఐసు దిమ్మలు కరక్కుండా ఊకలో కప్పెట్టేవారు. మాస్టారు మిషను గది పక్క గదిలో, ఊక బస్తాలకి ఆనుకుని, మోకాళ్ళ దాకా లుంగీ కట్టుకుని కూర్చుని ఉన్నారు. సన్నగా, నల్లగా, చెవుల్లో తెల్లటి వెంట్రుకలతో. నా వేళ్ళు చూళ్ళేదు. గాత్రం వచ్చా అనీ అడగలేదు.

"ఇనబడతందా?" అన్నారు.

"ఏంటండీ?"

"మిషను."

వినపడకేం! ఆ గోడ, ఆ నేల, నా పళ్ళు కూడా అదురుతున్నాయి. "ఆఁ" అన్నాను.

"ఆ మోత ఒగ్గీ, పట్టించుకోకు. దాని లోపల ఒక గొంతుంది, సన్నంగా, ఆగకుండా. దాన్ని పట్టుకుని, నువ్వూ అను."

చాలాసేపు పట్టింది. నాన్న బీడీ కాల్చుకోడానికి బయటికెళ్ళి వచ్చాడు. నేను ఊఁ, ఊఁ అంటూ పైకీ కిందకీ వెతుక్కుంటుంటే ఒక చోట ఉన్నట్టుండి నా గొంతు నాకు వినపడ్డం మానేసింది. మిషన్లో కలిసిపోయింది. మాస్టారి ముఖమంతా నవ్వయింది.

"అదే నీ సా. ఇప్పుడు ఫిడేలు తియ్యి."

ఏ పాటకైనా కింద ఆగకుండా మోగే స్వరం ఒకటుండాలి, దాన్నే శ్రుతి అంటారు. మిగతా మాస్టార్ల ఇళ్ళలో దానికి తంబురానో శ్రుతిపెట్టో ఉండేవి. మాకు ఐసు మిషనుండేది. "రేయింబగళ్ళు ఆగనిది ఇదుండగా పెట్టెందుకమ్మా మనకి," అనేవారాయన. అలా నా సరళీ వరసలూ, జంట వరసలూ, అలంకారాలూ అన్నీ ఆ మిషను మీదే నడిచాయి. బుధవారం సాయంత్రం, ఆదివారం పొద్దున్న. కుడికాలి మడమ మీద ఫిడేలు తల ఆనించి కూర్చుంటే నేల అదురు కాలిలోంచి కర్రలోకి పాకేది. తప్పు పలికితే మాస్టారు తిట్టేవారు కాదు. "మిషనుకి నచ్చలేదమ్మా," అనేవారు. ఆ మాటకి నాకు తిట్టు కన్నా ఎక్కువ సిగ్గేసేది.

బస్సులో కండక్టరు ఎప్పుడూ ఒకటే హాస్యం. "ఏటి పాపా, తుపాకీ పట్టుకెల్తన్నావా?" ఒకరోజు విసుగొచ్చి, "అవును, టిక్కెట్టడిగితే కాలుస్తాను," అన్నాను. నాన్న నెత్తి మీద మొట్టాడు గానీ ఆ రోజు కండక్టరు నన్ను తన సీట్లో కూర్చోబెట్టాడు.

పెట్టెలో చేపల వాసన సంగతి ఇంకా చెప్పలేదు కదా. ఒక ఆదివారం మాస్టారు పాఠం అయ్యాక అరడజను కానాగంత చేపలు ఐసు ముక్కల్లో పెట్టి, కాగితం చుట్టి ఇచ్చారు. ఆ రోజు బస్సు కిటకిటలాడిపోతోంది. నాన్న ఒక చేత్తో నన్ను, ఒక చేత్తో రాడ్డును పట్టుకున్నాడు. చేపల పొట్లం ఎక్కడ పెట్టాలో తెలీక నేను బుద్ధిగా ఫిడేలు పెట్టెలో, కమాను పక్కన సర్దేశాను. ఇంటికొచ్చేసరికి ఐసు కరిగి, మఖ్‌మల్ గుడ్డంతా చేపల నీళ్ళు. మూడు రోజులు ఎండలో పెట్టాం. వీధిలో పిల్లులన్నీ మా అరుగు మీద కొలువు తీరాయి. నేను సాధనకి కూర్చుంటే అవి ఎదురుగా బాసింపట్టు వేసుకుని వినేవి. మా నాన్నకి ఫిడేలు పోయిందని దిగులు. మామ్మ మాత్రం చేపల పులుసు పెట్టి, వేళ్ళు నాక్కుంటూ, "మంచోడేరా ఆ మేస్టరు," అంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం తెల్లారేసరికి నన్ను లేపేది. "లెగే! సంగీతానికి ఎల్లవేటే ఈయేల?"

ఇంత సాఫీగా సాగుతుంటే స్కూలు వార్షికోత్సవం వచ్చిపడింది. ప్రార్థన గీతానికి నన్ను ఫిడేలు వాయించమన్నారు. హార్మోనియం సారు మెట్టు నొక్కి, "ఒకటి శ్రుతికి పెట్టమ్మా," అన్నారు. నేను నాకు తెలిసిన సా కట్టాను. రెండూ కలిపి వాయిస్తే కుక్కా పిల్లీ కొట్టుకున్నట్టుంది. సారు మళ్ళీ మెట్టు నొక్కి చూపించారు. నేను చాలా మర్యాదగా, "సార్, మీ పెట్టె తప్పండి," అన్నాను.

హాలంతా గొల్లుమంది. నన్ను ప్రోగ్రాం నుంచి తీసేశారు. నాన్నని పిలిపించి, "ఎవరండీ ఈ పిల్లకి నేర్పేది?" అని అడిగారు.

మర్నాడు నాన్న నన్ను వెంటబెట్టుకుని హార్బరుకెళ్ళి, నించునే అడిగేశాడు. "మాస్టారూ, ఊళ్ళో ఎవరితోనూ కలవని శ్రుతి నేర్పితే ఏం లాభమండి?"

మాస్టారు ముందు పొలమారేలా నవ్వారు. "మన మిషను ఒకటికీ ఒకటిన్నరకీ మజ్జిన ఉంటాది బాబూ. దానికేటి తెలుసు పాపం!" తర్వాత నాన్న ముఖం చూసి నవ్వాపేశారు. "వేరే శ్రుతికి కట్టడం వారం రోజుల పని బాబూ. నాను సూత్తన్నది అది కాదు. ఒక శ్రుతి ఈ పిల్ల బుర్రలో నిలబడిందా లేదా అని. నిలబడితే, రేపు ఏ శ్రుతిపెట్టి పెట్టినా దాని శ్రుతి పట్టుకుంటాది. నిలబడ్లేదా, నా పాఠం దండగ."

"నిలబడిందని ఎలా తెలుస్తుంది?"

అది ఏప్రిల్ నెల. ఇంకో వారంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే ఆ నెలన్నర పడవలు సముద్రంలోకి పోకూడదు. పడవలు పోకపోతే ఐసు అక్కర్లేదు, ఐసు అక్కర్లేకపోతే మిషను ఆపేస్తారు. మాస్టారు తన ఊరికి పోతారు. ఆయన మిషను గది కేసి చూపించి అన్నారు. "మిషను మళ్ళీ నడిపే మొదటి రోజున తీసుకురండి. అది మొదలవ్వకముందే ఈ పిల్ల తీగ కట్టాల. తర్వాత స్విచ్చి వేత్తారు. కలిసిందా, పై పాఠం, వర్ణం మొదలెడతాను."

నాన్న తలాడించాడు. "కలవకపోతే, ఏమనుకోకండి మాస్టారూ, మాన్పించేస్తాను. వచ్చే ఏడు ఏడో తరగతి పరీక్షలున్నాయి. ట్యూషన్లో వేస్తాను."

నన్నెవరూ అడగలేదు. నా కాళ్ళ కింద నేల మాత్రం ఎప్పట్లాగే అదురుతోంది.

మిషను ఆపిన రోజు నేనక్కడే ఉన్నాను. ఆగిపోయాక ఆ గది ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది. ఎక్కడో నీటిబొట్టు పడుతున్న చప్పుడు, బయట వలలు బాగుచేసే ఆడవాళ్ళ మాటలు, కాకులు. మాస్టారు చేతిసంచీ సర్దుకుంటూ, "మిషను ఆగింది, నువ్వాగకు," అన్నారు.

ఆగలేదు. స్నానాల గదిలో సా, అన్నం ముద్దకీ ముద్దకీ మధ్య సా. సెలవులకి మామ్మ నన్ను ఎలమంచిలి పక్కన వాళ్ళ ఊరికి తీసుకెళ్ళింది. మామూలు సంవత్సరాల్లో నాకు ఆ ఊరంటే ప్రాణం. ముంజలు, ఆవపిండి ఘాటు, పెరట్లో పనసపళ్ళు. ఆ ఏడు మాత్రం నరకమే. రైలుకట్ట దగ్గర ఊరు. రైలు కూత పెట్టినప్పుడల్లా నా సా చెదిరిపోయేది. రెండు చేతులా చెవులు మూసుకుని పెరట్లోకి పరిగెత్తి మళ్ళీ వెతుక్కునేదాన్ని. మా అత్త కూతురికి ఈ సంగతి తెలిసిపోయి, కావాలని నా వెనకాలే సైకిలు బెల్లు కొట్టుకుంటూ తిరిగేది. ఒకరోజు దాని జడ పట్టుకుని లాగాను, అది నా భుజం కొరికింది. మామ్మ పరిగెత్తుకొచ్చి దాన్నే తిట్టింది.

"దాని బుర్రలో ఏదో మిషనుందే! నీకేటి తెలుసు? ఒగ్గీండి దాన్ని!"

ఆ రాత్రి మామ్మ పక్కలో పడుకుని ఏడ్చాను. "మామ్మా, పోయిందేమో. నిజంగా అదో కాదో తెలీడం లేదు." మామ్మ నా నోటి దగ్గర చెవి పెట్టి, "అనూ, ఇంటాను," అంది. అన్నాను. "బాగుంది," అంది. మామ్మకి సంగీతం ఏం తెలుసని! అయినా నిద్ర పట్టింది.

మిషను మళ్ళీ నడిపే రోజు తెల్లవారుజామునే బయల్దేరాం. దారిలో ఇంకే చప్పుడూ చెవిన పడకూడదని దూది పెట్టుకున్నాను. కళ్ళు కూడా మూసుకున్నాను. నాన్న చెయ్యి పట్టుకుని గుడ్డిదాన్లా నడిచాను. గదిలోకెళ్ళి కళ్ళు తెరిచేసరికి మాస్టారు ఎదురుగా కూర్చుని ఉన్నారు. నన్ను చూసి నవ్వలేదు. ముఖం వాడిపోయి ఉంది. నా మీద నమ్మకం లేదేమో అనుకున్నాను.

"కట్టమ్మా," అన్నారు.

దూది తీసి కట్టాను. నాలుగు తీగలూ కట్టి కమాను దించాను. పక్కగదిలో పసుపు కుంకుమలు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. స్విచ్చి వేశారు.

వచ్చిన గొంతు నాది కాదు. నా సా కన్నా ఎంతో పైన, పీలగా, ఈగలా గీ పెడుతోంది. కమాను లాగితే రెండూ పడలేదు. స్కూల్లో హార్మోనియంతో ఎలా కొట్టుకుందో అలాగే. ఏడుపొచ్చేసింది. నాన్న పాపం తిట్టలేదు. "పోనీలే అమ్మా," అని వంగి, నా చేతిలోంచి ఫిడేలు తీసుకుని పెట్టెలో పెట్టి మూత వేశాడు. ఆ మూత చప్పుడు అంత కీచుశబ్దంలోనూ నాకు వినపడింది.

"ఒక్క నిమిషం బాబూ," మాస్టారు లేచారు. "ఇది మన మిషను కాదు. సెలవుల్లో మార్చేసినారంట. నాకూ ఇప్పుడొచ్చినాకే తెలిసింది."

నాన్న ఉన్నమాటే అన్నాడు. "మరి ఈ పిల్ల కట్టింది సరైందో కాదో ఇంకెలా తెలుస్తుంది మాస్టారూ?"

మాస్టారు పెట్టె తీసుకుని బయటికి నడిచారు. ఫ్యాక్టరీ గేటు పక్క గోడ వారన, తడిసిన ఊక కుప్ప మీద, పాత మిషను పక్కకి ఒరిగి పడి ఉంది. నేను కళ్ళు మూసుకుని దాని పక్కనించే నడిచి వచ్చానన్నమాట. ఆయన దాని పక్కన గొంతుక్కూర్చుని, ఇనుము మీద అరచెయ్యి వేశారు.

"ఇప్పుడు వాయించు. ఒక్క సా. ఆపకు."

వాయించాను. ముక్కు చీదుకుంటూనే. ఆయన కళ్ళు మూసుకున్నారు. కొత్త మిషను మోత గోడ అవతల సన్నగా వినపడుతోంది. కమాను చివరికొచ్చి మళ్ళీ వెనక్కి లాగి, మళ్ళీ ముందుకి. చెయ్యి లాగేస్తోంది. ఎంతసేపో తెలీదు.

"ఇదే," అన్నారు. "మా మిషనే. ఎంట్రుకవాసి తేడా లేదు." భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. "పదారేళ్ళు ఇన్నాను బాబూ. నా పెళ్ళాం గొంతు కన్నా దీని గొంతే ఎక్కువ ఇన్నాను. నాకు తెలీదేటి?" తర్వాత నాతో, "బుధవారం వర్ణం," అన్నారు.

బస్సులో నాన్న మెల్లిగా అడిగాడు. "నిజంగా కలిసిందంటావే?"

"ఆఁ," అన్నాను. నాకు తెలిస్తే కదా.

అప్పట్నుంచీ ఆ ప్రశ్న నాతోనే ఉంది. నిజంగా కలిసిందా, లేక పిల్ల ఏడుపు చూడలేక ఆయన అలా అన్నారా? మిషను చచ్చి పడుంది, ఇంకో సాక్ష్యం లేదు. కొన్నాళ్ళకి వర్ణంలో ఉండగా ధైర్యం చేసి ఆయన్నే అడిగాను. "నీకేటనిపించింది?" అన్నారు తిరిగి. అంతే. తర్వాత ఏ హార్మోనియంతోనైనా కలిసి వాయించడం నేర్పారు, నిజంగానే వారంలో వచ్చింది. మూడేళ్ళయ్యాక ఊరికి వెళ్ళిపోయారు. కొత్త మిషనుతో ఆయనకి పడలేదు. నేను పెళ్ళయి, ఉద్యోగంలో పడి, వెళ్ళి చూడాలి చూడాలి అనుకుంటుండగానే పోయారని కబురొచ్చింది. మామ్మా పోయింది, నాన్నా పోయాడు. మొన్న హార్బరు వైపు వెళితే ఆ గేటు ఎక్కడుండేదో కూడా గుర్తుపట్టలేకపోయాను. ఎంత వెతికినా ఆ అమ్మోనియా వాసన తగల్లేదు. రోడ్డు మీద నించుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే పక్కన ఆటో అతను, "ఏటమ్మా, దారి తప్పినారా?" అని అడిగాడు.

సరే, మా అమ్మాయి యాప్ సంగతి. ఆ రోజు నాతో దెబ్బలాడాక అది మొండిపట్టు పట్టింది. నా కూతురే కదా. రోజూ పొద్దున్నే, నేను వంటింట్లో ఉండగా, ఫిడేలు ముట్టుకోకుండానే, ఫోను పట్టుకుని గుమ్మంలో నించునేది. "అమ్మా, ఒకసారి సా అను." నేను పోపు వేస్తూనో, గిన్నెలు సర్దుతూనో అనేసేదాన్ని. అది చూసుకుని వెళ్ళిపోయేది.

నిన్న తొమ్మిదో రోజు. ఫోను కేసి చూసి, నా కేసి చూసింది.

"తప్పే గానీ అమ్మా, రోజూ ఒకటే తప్పు. ముల్లు తొమ్మిది రోజులూ అక్కడే ఆగింది. ఇంత కూడా కదల్లేదు."

పోపు మాడిపోయింది. అది రుజువు కాదని నాకూ తెలుసు. ఆ పాత మిషను గొంతు ఇదేనని చెప్పడానికి ఇప్పుడెవరూ లేరు. కానీ ఆయన ఆ రోజు 'నాను సూత్తన్నది' అన్నారే, ఆ శ్రుతి ఉంది. నిలబడింది. మాస్టారూ, మీ పాఠం దండగ కాలేదండీ అని గట్టిగా అరవాలనిపించింది, వినేవాళ్ళు లేకపోయినా.

స్టవ్వు ఆపేసి, చేతులు తుడుచుకుని హాల్లోకొచ్చి మా అమ్మాయి పక్కన నేల మీద కూర్చున్నాను. ఫోను తీసి బోర్లా పెట్టాను. మీ కొత్త మాస్టారు ఏ శ్రుతి చెబితే ఆ శ్రుతికి రేపు కడదాం, ఈ ఒక్క పూటకి ఇది విను అని, కళ్ళు మూసుకుని సా పట్టుకున్నాను. కాసేపటికి పక్కనించి సన్నగా ఇంకో గొంతు మొదలైంది. పైకీ కిందకీ వెతుక్కుంటోంది.

ఒక చోట ఉన్నట్టుండి నా గొంతు నాకు వినపడ్డం మానేసింది.

"ఇనబడతందా?" అన్నాను.